జూరాల కట్ట మీద వినబడని అంకెలు

మా టెస్టింగ్ సారు పోయిన వార్త నాకు సగమే చేరింది. ఆ రోజు ఉదయం వనపర్తి నుంచి గద్వాలకు జీపులో వెళ్తూ జూరాల ప్రాజెక్టు కట్ట మీద ఉన్నాను. సారు కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాయిన పొద్దుగాల..." అంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఫోన్ కట్ కాలేదు. తెర మీద ఆమె పేరు వెలుగుతూనే ఉంది, సెకన్లు నడుస్తూనే ఉన్నాయి, గొంతు మాత్రం లేదు. మళ్లీ వినబడేసరికి "...జల్ది రా అన్నా" అంటోంది. "ఏమైంది చెల్లె? నడుమ ఇనవడలే, మళ్ల చెప్పు" అన్నాను. మళ్లీ చెప్పింది. తండ్రి చనిపోయాడన్న మాటను కన్న కూతురితో రెండుసార్లు చెప్పించాను.

కట్ట మీద ఆ చోటు నాకు కొత్త కాదు. అక్కడ మాట ఎందుకు పోతుందో నాకు తెలుసు. పోదు అని రాసిచ్చిన కాగితం మీద ఉన్న సంతకం నాదే. అందుకే ఈ నాలుగు మాటలు ఏడుస్తూ కాదు, ఒళ్లు మండి రాస్తున్నాను. సారు ఉంటే "కోపంల రాసిన రిపోర్టు ఎవడు సదువుతడు తమ్మీ" అనేవారు. అననీ.

ఆయన మా ఆఫీసులో పెద్ద కుర్చీ ఉన్న మనిషి కాదు. సెల్‌ఫోన్ టవర్లు నిలబెట్టాక, వాటిని జనానికి వదిలే ముందు పరీక్షించే విభాగం ఆయనది. విభాగం అంటే ఆయన, ఒక పాత జీపు, నాలుగు ఫోన్లు, ఒక పొడుగు నోటుబుక్కు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఆయన కింద వేశారు. తోటివాళ్లు పాపం అన్నట్టు చూశారు. టెస్టింగ్ అంటే ఎండలో తిరుగుడు, తిరిగి వచ్చాక అందరితో తిట్లు. పని అయిపోయిందని సంబరపడే వేళకు వచ్చి కాలేదు అని చెప్పేవాణ్ని ఎవరు ఇష్టపడతారు?

మొదటి రోజే నాకు చీవాట్లు పడ్డాయి. జీపు నడుస్తుంటే ఫోన్ చెవిన పెట్టుకుని "హలో, హలో" అంటున్నాను. సారు పెన్సిల్‌తో నా మోచేతి మీద కొట్టారు. "హలో అంటే ఏం తెలుస్తది? ఈ హలోకు ఆ హలోకు నడుమ ఎంత పోయిందో నీకేమెరుక? అవతలోళ్లను లెక్కవెట్టుమను" అన్నారు. అదీ ఆయన పద్ధతి. అవతలి మనిషి ఒకటి నుంచి ఆగకుండా అంకెలు చదవాలి. ఇవతల మనం వింటూ పోవాలి. ఏ అంకె దగ్గర పోయిందో, మళ్లీ ఏ అంకె దగ్గర దొరికిందో రాసుకుంటే చాలు, ఎక్కడ ఎంతసేపు మాట పోయిందో తేలిపోతుంది. లక్షల రూపాయల మిషన్లు ఉండగా ఇదేం పద్ధతని నవ్వేవాళ్లు. మిషన్లలోనూ అదే తేలేది, కాకపోతే సారు కన్నా అరగంట ఆలస్యంగా.

అవతలి కొసన లెక్కపెట్టేది ఎక్కువగా ఆయన కూతురే. గద్వాలలో వాళ్లిల్లు నేతగాళ్ల వాడలో ఉంది. స్కూలు లేని రోజుల్లో ఆ పిల్ల ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని ఫోన్లో అంకెలు చదివేది. నూరు దాటి లెక్క నేర్చుకున్నది అట్లాగేనని సారు గొప్పగా చెప్పుకునేవారు. ఆమెకు ఒకటే నియమం పెట్టారు. "నాకు ఇనవడ్తుందా లేదా అని అడగొద్దు బిడ్డా. నేను బదులియ్యకున్నా ఆపొద్దు. నువ్వు ఆపితే అది నీ తప్పో, లైను తప్పో నాకెట్ల తెలుస్తది?"

ఈ పని తెలియని వాళ్లకు ఇక్కడ కొంచెం చెప్పాలి. మీ చేతిలో ఫోన్ ఒకటే కావచ్చు, దాని వెనక ఉన్న సరంజామా అంతా ఒకే కంపెనీ చేసింది కాదు. మా దగ్గర కృష్ణకు ఇవతల వనపర్తి వైపు టవర్లలో ఒక కంపెనీ మిషన్లు ఉన్నాయి, అవతల గద్వాల వైపు ఇంకో కంపెనీవి. మీరు మాట్లాడుతూ కట్ట దాటితే, ఈ ఒడ్డు టవరు మీ మాటను ఆ ఒడ్డు టవరుకు అప్పగించాలి. ఇద్దరికీ రూలు పుస్తకం ఒకటే. అయితే ఆ పుస్తకంలో "కావాలంటే పంపవచ్చు" అని కొన్ని చోట్ల ఉంటుంది. ఒకరు పంపుతారు, రెండోవారు దాన్ని ఎన్నడూ చూసి ఉండరు. ఒకరు జవాబు కోసం కాసేపు చూసి వదిలేస్తారు, రెండోవారు అవతల ఇంకా కాచుకునే ఉన్నారనుకుంటారు. ఎవరింట్లో వాళ్లు సక్రమమే. చెడేది అప్పగింతలో. పైగా ఏ ఒక్కరు సాఫ్ట్‌వేర్ మార్చినా నిన్నటి పొత్తు ఇవాళ ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి రెండు కంపెనీల మిషన్లనూ కలిపి, జనం వాడక ముందే, మారిన ప్రతిసారీ పరీక్షించాలి. సారు జన్మంతా అడిగింది ఇంతే.

ఇంత చిన్న సంగతి మా మీటింగుల్లో ఎవరికీ ఎక్కేది కాదు. ఒక కంపెనీ ఇంజనీరు లేచి "మా వైపు అంతా క్లియర్ సార్" అనేవాడు. రెండో కంపెనీ ఇంజనీరు లేచి అదే మాట అనేవాడు. మేనేజర్ ఇద్దరికీ థాంక్స్ చెప్పి టీ తెప్పించేవాడు. "మరి మాట ఏడ పోతుంది? కృష్ణల మునిగిందా?" అని సారు ఒక్కరే అడిగేవారు. మిగతావాళ్లు టీలు తాగి లేచేవాళ్లు. ఈ ఉమ్మడి పరీక్షకున్న ఇంటర్‌ఆపరబిలిటీ టెస్టింగ్ అన్న పేరును పెద్ద అక్షరాలతో తెర మీద చూపించడానికి మాత్రం అందరికీ తీరిక ఉండేది.

మాది బిజినేపల్లి దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. అందుకని నాకు అర్థమయ్యేటట్టు ఎడ్లతో చెప్పేవారు. "నీ కొట్టంల నీ ఎద్దు మంచిదే తమ్మీ, ఆయన కొట్టంల ఆయన ఎద్దు మంచిదే. రెంటినీ ఒక్క కాడికి గట్టి సాలు దున్నినంక మాట్లాడు." ఒకసారి మాత్రం ఇంటికి తీసుకెళ్లి వాళ్లమ్మను చూపించారు. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు దారాల గుణం వేరు. అంచూ ఒళ్లూ కలిసే చోట పోగును పోగుతో మెలేసి నేస్తారు. ఆ ముసలావిడ మగ్గం దించిన చీరను మడత పెట్టక ముందు రంగూ చూడలేదు, జరీ చూడలేదు. రెండు బొటనవేళ్లతో ఆ అతుకును పట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా జానెడు జానెడుగా లాగుతూ పోయింది.   

అంత నేర్పించిన మనిషికి నేను చేసింది ఇది.

సారు రిటైర్ అయ్యాక ఆయన కుర్చీలో ఎవరినీ వేయలేదు. పరీక్ష బాధ్యత నా పనుల చిట్టాలో చివరి వరుస అయింది. ఆ ఏడే గద్వాల వైపు కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చింది. ఉమ్మడి పరీక్ష పెట్టాం. ఆ కంపెనీ ఇంజనీరు గద్వాల ఒడ్డున, ఈ కంపెనీ ఇంజనీరు ఇవతల ఆత్మకూరు ఒడ్డున నిలబడ్డారు. ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారు, గొంతు గంటలా వినబడింది, ఇద్దరూ పాస్ అని రాశారు. కట్ట ఎవరూ దాటలేదు. జాతరకు వెళ్లి దేవుణ్ని చూడకుండా వచ్చినట్టయింది. ఎండ మాడుస్తోంది, మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆ కాగితంలో మా ఆఫీసుకని ఉన్న మూడో గడిలో నేను సంతకం పెట్టాను. ఆ సాయంత్రం సారు ఫోన్ చేసి "కట్ట దాటిండ్రా తమ్మీ?" అని అడిగారు. "దాటినం సార్" అన్నాను.

కొన్నాళ్లకు ఆత్మకూరు దిక్కు నుంచి ఒక ఆటో కాన్పు నొప్పులు పడుతున్న మనిషితో గద్వాల వైపు బయలుదేరింది. ఆటోలో ఉన్న ఆశా వర్కరు అక్కడి ఒక చిన్న దవాఖానకు ఫోన్ చేసింది. అవతలి నర్సు "మత్తు డాక్టర్ లేడు, ఈడికి రాకండ్రి, వనపర్తికే మర్లిపోండ్రి" అని చెప్పింది. ఆటో అప్పుడు కట్ట మీద ఉంది. మాట పోయింది. మళ్లీ వినబడింది "జల్ది పోండ్రి" అన్న ముక్క ఒక్కటే. వాళ్లు జల్దీగా తప్పు దిక్కుకే పోయారు. వెనక్కి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. తల్లీ బిడ్డా బతికారు, అది వాళ్ల అదృష్టం, మా గొప్ప కాదు. ఆ మర్నాడు సారు ఫోన్ చేశారు. "ఆ ఆటో సంగతి ఇన్నవా?" అన్నారు. విన్నానన్నాను. ఫోన్ పెట్టేయకుండా కాచుకున్నారు.  నేను అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ఫిర్యాదు పైకి పంపుతానని ఏదో గొణిగి పెట్టేశాను. పంపాను కూడా. రెండు కంపెనీల నుంచీ జవాబు వచ్చింది, మా వైపు క్లియర్ అని.

పదకొండో దినం ముగిశాక చుట్టాలు వెళ్లిపోయారు. సారు కూతురు ఇప్పుడు అదే ఇంట్లో అదే మగ్గం మీద నేస్తుంది. లోపలి నుంచి పొడుగు నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"చెల్లె, ఆ దినం మేం కట్ట దాటలే. దాటినమని సారుకు అబద్ధం చెప్పిన. నువ్వు ఫోన్ చేసిననాడు నీ మాట నడుమ పోయింది నా సంతకంతోనే" అన్నాను.

ఆమె చేతిలోని నూలు కండెలో చిక్కుపడిన దారం తీస్తూ ఉంది. తల ఎత్తలేదు. "నాయినకు ఎరుకే అన్నా" అంది.

"ఎట్ల ఎరుక?"

"మర్నాడే బస్సెక్కి పోయిండు. ఈడ నాతోటి లెక్కవెట్టిచ్చుకుంట కట్ట దాటిండు. అండ్ల రాసే ఉంటది, సూడు."

చూశాను. ఉంది. తేదీ, బస్సు, పోయిన అంకె, దొరికిన అంకె, ఆయన గుండ్రటి చేతిరాతలో.

"మరి నన్నొక్క మాట అడగకపాయె" అన్నాను.

"అడుగుమని నేనన్న. 'తమ్ముడే చెప్తడు తియ్యి, జర ఆగుదాం' అనెటోడు. ఆటో సంగతి అయినంక గూడ గట్లనే అన్నడు."

ఆయన ఆగారు. చివరి దాకా ఆగారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఎవరి మీద కోపమో నాకే తెలియడం లేదు. కంపెనీల మీదా, మేనేజర్ మీదా, అన్నిటికన్నా ఎక్కువ నా మీదా ఉంది. నిజం చెప్పాలంటే కొంచెం సారు మీద కూడా ఉంది. ఒక్కసారి తిట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

ఆ రోజు నా సంచిలో ఇంకో కాగితం ఉంది. ఈసారి వనపర్తి వైపు కంపెనీ మిషన్లు మార్చింది. మళ్లీ రెండు గడుల్లో పాస్ పడింది, మూడోది నాది. మర్నాడు పొద్దుటికల్లా సంతకంతో పంపమని మేనేజర్ అప్పటికే చెప్పాడు. దాన్ని తీసి ఆమెకు చూపించాను. ఆమె గడులను చూసింది, నన్ను చూసింది, కండె పక్కన పెట్టి కొంగుకు చేతులు తుడుచుకుంది.

"నువ్వు నడువన్నా. నేను లెక్కవెడ్త" అంది.

గద్వాల దాటక ముందే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, జీపు ముందు అద్దం దగ్గర నిలబెట్టాను. ఒకటి అని మొదలుపెట్టమని ఎక్కడ చెప్పాలో నాకు తెలుసు. కట్ట మీదికి ఎక్కుతూ చెప్పాను. తొందర లేదు, సాగదీయడం లేదు, చిన్నప్పుడు ఎట్లా చదివేదో అట్లాగే చదువుతోంది. కుడి పక్క గేట్ల కింద నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ఆ తర్వాత జీపు చప్పుడు తప్ప ఏమీ లేదు. హలో అనబోయి నోరు మూసుకున్నాను.

నలభై నాలుగు, అంది ఆమె.

కట్ట దిగాక, చేపలు వేయించే గుడిసెల దగ్గర జీపు ఆపాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని, సంతకం గడిలో పాస్ కాలేదు అని రాశాను. దాని కింద, ముప్పై ఎనిమిది నుంచి నలభై మూడు దాకా వినబడలేదు అని రాసి, అప్పుడు సంతకం పెట్టాను. ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది. చాలు అని ఆమెతో చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. అక్కడ గద్వాలలో మగ్గం పక్కన కూర్చుని, నేను వింటున్నానో లేదో తెలియకుండానే, నూట ఇరవై ఒకటి, నూట ఇరవై రెండు అంటూ లెక్కపెడుతూనే ఉంది.