ఆయన రాసిన ఉత్తరాలు ఆయన ఇంట్లో లేవు

మా పైఅంతస్తు మాస్టారు పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేను మాదాపూర్‌లో శానిటరీ సామాన్ల కొట్లో రోజువారీ లెక్కలు రాస్తాను. అప్పుడే వచ్చి కూర్చున్నాను. "నాన్న పొద్దున ఆస్పత్రిలోనే పోయారు అంకుల్," అంది. "ఆ ఉత్తరాల సంగతి మీకు అప్పగించారట కదా," అని కూడా అంది. అప్పగించారు. అందుకే ఇది రాస్తున్నాను.

మాస్టారు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవారు. రిటైరయ్యాక పండితులు, మౌల్వీలు, చర్చి ఫాదర్లు దేవుడి గురించి, ఆత్మ గురించి ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు పోగుచేయడం పనిగా పెట్టుకున్నారు. అలాంటివాళ్లెవరైనా పోతే ఇంట్లోవాళ్లు ఆయనకు ఫోన్ చేసేవారు. సంచీ తీసుకుని బయలుదేరేవారు. సెలవు రోజైతే నేనూ వెంట వెళ్లేవాణ్ణి.

"ఉత్తరం రాసినవాడి ఇంట్లో ఉండదయ్యా, అందుకున్నవాడి ఇంట్లో ఉంటుంది," అనేవారు. "ఒక మనిషి ఏమన్నాడో తెలియాలంటే ఇంకొకడి ఇంటికి వెళ్లాలి." అందుకని ఆయన ప్రతి వాదానికీ రెండు ఇళ్లు వెతికేవారు. ఒక సగం దొరికాక రెండో సగం దొరికేదాకా ఆ కట్టకు ముడి వేసేవారు కాదు.

శేరిలింగంపల్లిలో ఒక పండితుడి ఇంటికి వెళ్లడం గుర్తుంది. కాగితాలు అటక మీద ఉన్నాయి. ఆయన కోడలు కొంగుతో దుమ్ము దులుపుతూ, "గీ కాయితాల కోసం గింత ఎండల వచ్చిన్రా సార్? మా మామ ఉన్నప్పుడు వస్తే మస్తు మాట్లాడెటోడు," అంది.

"వచ్చేవాణ్ణేనమ్మా. ఆయనే నన్ను మాట్లాడనిచ్చేవారు కాదు."

ఆమె పకపకా నవ్వి చాయ్ పెట్టింది. మాస్టారు అక్కడే చాప మీద కూర్చుని ఉత్తరాలు వేరుచేశారు. పెళ్లి సంబంధాల గురించో, అన్నదమ్ముల పంపకాల గురించో ఉన్నవి పూర్తిగా చదవకుండానే మడిచి ఆమె చేతికి ఇచ్చేశారు. "ఇవి మీ ఇంటివమ్మా. దేవుడి గొడవ మటుకే నాది." ఏ ఇంట్లోనైనా అంతే. గడప దాటకముందే ఆ పని అయిపోవాలి.

నేను పదో తరగతితో చదువు ఆపేశాను. తర్వాత చదివిందంతా సొంతంగా చదివిందే. మాస్టారు ఎప్పుడూ నాకు విడమరిచి పాఠం చెప్పలేదు. రెండు వైపుల ఉత్తరాలూ చేతికిచ్చి, "ఎవరిది సబబుగా ఉంది?" అని అడిగేవారు. నేను తొందరగా మాట్లాడేవాణ్ణి కాదు. ఆయన పేపర్ చదువుకుంటూ ఆగేవారు. అలా నా జవాబు కోసం ఆగినవాళ్లు నాకు ఎక్కువమంది లేరు.

మొదట్లో ఒక కట్టను కొట్లో బిల్లుల్లాగే, పైన వేసిన తేదీల ప్రకారం పేర్చాను. ఆయన చూసి, "మంచి మనిషిని పిరికివాణ్ణి చేశావే!" అని నవ్వారు. "నీ వరసలో చదివితే, అవతలాయన సూటిగా అడిగినదానికి ఈయన తప్పించుకున్నట్టుంది. పాపం, ఆ ఉత్తరం అప్పటికింకా ఈయనకి అందలేదు. రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి." ఉత్తరం చేరిన ఊరి పోస్టాఫీసు ముద్ర చూడాలట. ఎప్పుడు రాశారన్నది కాదు, ఎప్పుడు చదివారన్నది ముఖ్యమట. కవర్లు ఎందుకు పారేయనివ్వరో అప్పుడు తెలిసింది.

ఆయనకు సొంతంగా కూడా ఒక వాదం ఉండేది. క్రైస్తవ వేదాంత కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మేడంతో. ఏదైనా కోరుకుంటూ చేసే ప్రార్థన ప్రార్థనేనా అన్నది విషయం. కాదని మాస్టారు. పిల్లలు తండ్రిని అడగక ఇంకెవరిని అడుగుతారని ఆవిడ. ఇద్దరూ ఈ ఊళ్లోనే ఉన్నారు, ఫోన్లున్నాయి, అయినా ఉత్తరాలే. "ఫోన్లో అయితే ఎవరేమన్నారో తెల్లారేసరికి మారిపోతుంది," అనేవారు.

మా బిల్డింగును కూలగొట్టి హాస్టల్ కడతారని ఖాయమయ్యాక, ఒక లైబ్రరీవాళ్లు మొత్తం ఉత్తరాలు తీసుకుంటామన్నారు. ఈలోగా మాస్టారు ఆస్పత్రిలో చేరారు. మంచం మీదే ఒక ఉత్తరం రాసి నా చేత మేడం ఇంటికి పంపారు. నేను ఇచ్చి తిరిగి వచ్చాక చెప్పారు: "ఆవిడవి నా దగ్గరున్నాయి. నావి ఆవిడ దగ్గరున్నాయి. నా సగం తెచ్చి కలపకపోతే పాపం ఆవిడ గాలితో పోట్లాడినట్టుంటుంది. లైబ్రరీవాళ్లు వచ్చేలోగా తెస్తావు కదూ?" తెస్తానన్నాను.

మాస్టారు పోయాక, లైబ్రరీ వ్యాన్ మర్నాడు వస్తుందనగా కోకాపేట వెళ్లాను. మేడం అక్కడ కొడుకు దగ్గర ఒక టవర్‌లో ఉంటారు.

"ఎందుకొచ్చిన్రన్నా?" అన్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ అతను.

"ఉత్తరాల కోసం."

"కొరియరా?"

"కాదు, ఇచ్చేటందుకు రాలే. తీస్కపోతా."

నన్ను ఎగాదిగా చూసి పైకి ఫోన్ చేశాడు.

మేడం కట్టలన్నీ సిద్ధంగా పెట్టారు. ఒక్కటి మాత్రం చేతిలోనే ఉంచుకున్నారు, ఆస్పత్రి నుంచి నేను తెచ్చిచ్చిన ఉత్తరం. "దీనికి ఇంకా జవాబు రాయలేదండి," అన్నారు.

"మేడం... సార్ పోయిన్రు కదా."

"తెలుసు బాబూ. కానీ జవాబు లేకుండా పంపితే చివరి మాట ఆయనదే అయిపోతుంది. ఆ అవకాశం నేనివ్వను."

"పొద్దున్నే వ్యాన్ వస్తది."

"కూర్చోండి, ఇప్పుడే రాసేస్తాను." ఉత్తరం నా వైపు తిప్పారు. మాస్టారి అక్షరాలు వంకరపోయి ఉన్నాయి. రెండే వాక్యాలు: నిన్న నేను కూడా కోరుకున్నాను. దీనితో మీరు గెలిచారనుకోకండి.

"ఏం కోరుకున్నారో మాత్రం రాయలేదు. చూశారా, ఎంత గడుసు మనిషో!" అన్నారు. కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, డైనింగ్ టేబుల్ మీద కాగితం పరుచుకున్నారు.

నేను ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపు రాశారు. ఒక పేజీ నిండి రెండోవైపు తిప్పారు. మధ్యలో ఒకచోట ఆగి, తనలో తనే నవ్వుకుని, "ఇది చదివితే ఆయనకి ఒళ్లు మండిపోతుంది," అన్నారు. ఆ మాట కింద గట్టిగా ఒక గీత గీశారు.