బానలో పాలబొంతలు

1964, కార్తీకం, సోమవారం. ఇల్లు కడిగాను. మైలబట్టలు చాకలికి వేశాను. ఎండ వచ్చిందని నిమ్మకాయ జాడీ బయట పెట్టాను. పెరట్లో బానలో చెంబుడు నీళ్లు మార్చాను. మా చిన్న మామగారు ఇక లేరని దీపావళి మర్నాడు గూడూరు నుంచి కబురు వచ్చింది. నిన్నటితో పెద్దకర్మ కూడా అయిపోయింది. అయినా నా చేతులు ఒకచోట నిలవడం లేదు.

ఆయన మా మామగారి తమ్ముడు. బోగోలు దగ్గర మా ఊరి బడిలో సైన్సు చెప్పేవారు. భార్య పోయాక మా ఇంట్లోనే భోజనం. కంచంలో చేప తలకాయ పడితే మొప్ప ఎత్తి చూడనిదే ముద్ద కలిపేవారు కాదు.

"తినేదా మామా, పాఠం చెప్పేదా?" అంటే, "రెండూ ఒకటేనమ్మా. నువ్వు పులుసు పొయ్యి" అనేవారు.

ఒకసారి నేను నిమ్మముక్కల్లో ఉప్పు కలుపుతుంటే వచ్చి కూర్చున్నారు.

"చూసినావా, ఉప్పు ముక్కలో నీళ్లని బయటికి లాగేస్తా ఉండాది. సముద్రంలో చేప పాటూ అదే. అందుకని తాగతానే ఉంటది. తాగిన ఉప్పుని మొప్పల్లో నుంచి బయటికి నెట్టేస్తది."

"మరి మంచినీళ్లలో వేస్తే?"

"అప్పుడు నీళ్లే దాని ఒంట్లోకి దూరతాయి. తాగడం మానుకోవాల, వచ్చిన నీళ్లు పోసేయాల, ఒంట్లో ఉప్పు పోకుండా పట్టుకోవాల. పాలబొంత సముద్రపు చేపే గానీ దానికి ఆ విద్య తెలుసు. కాకుంటే మొప్పలు పని మార్చుకునేదానికి టైము ఇయ్యాల."

వానకు నిండే మా గుంటలో పాలబొంతల్ని పెంచాలని ఆయన పట్టుదల. మొదటిసారి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పట్టించిన చేపపిల్లల్ని నా ఇత్తడి గంగాళంలో పోశారు. ఉప్పునీళ్లకు కళాయి పోయి చిలుము పట్టింది. పిల్లలన్నీ తేలిపోయాయి.

"చేప గుణం చూసినా గానీ గంగాళం గుణం చూసుకోలేదే!" అని తల పట్టుకున్నారు. "ఈ బాకీ నాది. గుంటలో పాలబొంత ఎగిరిన రోజు చెల్లు రాసుకో."

ఈసారి మట్టిబాన తెచ్చి, అందులో ఉప్పునీళ్లతో కొత్త పిల్లల్ని పోయించారు. సగం పని కాకముందే గుండెల్లో నొప్పి. గూడూరులో డాక్టరుకు చూపించుకోవడానికి బండెక్కుతూ, "దినానికి చెంబుడు ఉప్పునీళ్లు తీసి చెంబుడు మంచినీళ్లు పొయ్యి. తొందరపడబాక. నీ చేతులు ఊరుకోవు" అన్నారు. నాతో ఆయన ఆఖరి మాట అదే.

చావు కబురు వచ్చిన ఇంట్లో నిలవనీళ్లు పారబోయాలి. అత్తగారు బిందెలు, కుండలు అన్నీ వంచేసి బాన దగ్గరికి వచ్చారు.

"అత్తా, దాంట్లో ప్రాణాలుండాయి. ఉన్నట్టుండి నీళ్లు మారిస్తే చస్తాయి."

"అన్నీ పారబోసి ఇదొక్కటి ఎట్టా ఉంచేది? సముద్రానికైతే మైల లేదు. ఇయ్యి సముద్రపు నీళ్లేనా?"

అప్పటికి బానలో ముప్పాతిక వంతు మా బావినీళ్లే. ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. బాన పక్కన ఆయన కూర్చునే పీట వైపు కాసేపు చూశారు.

"అబ్బ, ఒట్టి ఉప్పు" అన్నారు. "పోయి పని చూసుకో."

ఆమె వెళ్లాక నేనూ వేలు ముంచాను. ఉప్పు తగిలీ తగలనట్టుంది.

ఆ మైల రోజుల్లో పరామర్శకు వచ్చినవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోయి బానలోకి తొంగిచూసేదాన్ని. మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే నా ఊపిరీ అలాగే ఆడేది. రెండో చెంబు పోసేద్దామని చెయ్యి లేచేది. ఆయన మాట గుర్తొచ్చి దించేదాన్ని.

ఈ సాయంత్రానికి బాననీళ్లలో ఉప్పు పూర్తిగా పోయింది. అత్తగారూ నేనూ బానను చెరొక పక్క పట్టుకుని గుంట దాకా మోసి ఒడ్డున వంచాం. చేపపిల్లలు బురదనీళ్లలో కాసేపు కదలకుండా నిలబడి, ఒక్కసారిగా మాయమయ్యాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కటీ తేలలేదు. పొద్దు గూకుతుండగా అవతలి గట్టు దగ్గర వెండిరేకులాంటిది లేచి పడింది.

"అదిగో, ఎగిరింది!" అన్నారు అత్తగారు. "మా మరిది చూసుంటే రేపు బడికి సెలవిచ్చేసుండేవాడు."

అక్కడ లేచిన అల గుంటంతా దాటి వచ్చి మా పాదాలకు తగిలింది.

గంగాళం బాకీ చెల్లు.