మా అన్న మారథాన్, నా ఒర్రుడు

మా అన్న చాంపియన్. ఈ మాట నాది కాదు, అన్నే రోజుకు నాలుగుసార్లు అనేవాడు. పొద్దున్నే మౌలాలి గుట్ట దాకా పరుగెత్తి రావడాన్ని సాధన అనేవాడు. మెట్టుగూడలో జనం దాన్ని పని లేకపోవడం అనేవారు. ఇరవై ఆరు మైళ్ల పందెం వరుసగా రెండేళ్లు గెలిచాడు. రెండుసార్లూ ఒక దండ, ఒక కప్పు ఇచ్చారు. దండలు వాడిపోయాయి. కప్పుల్లో అమ్మ ఉప్పు పోసింది.

మూడోసారి కప్పు కాదు, గెలిచినవాడికి రైల్వే వర్క్‌షాపులో నౌకరీ అన్నారు. ఆ ఏడు దాటితే అన్నకు నౌకరీ వయసు దాటిపోతుంది.

చిక్కేమిటంటే, నిజాం మీద పోలీస్ యాక్షన్ అయి కొన్ని నెలలే అయింది, అల్లర్ల భయం ఇంకా పోలేదు. ఎవడైనా పరుగెత్తితే ఎందుకని అడిగే తీరిక ఎవరికీ లేదు. చూసినవాడు దుకాణం మూసి తానూ పరుగెత్తేవాడు. అన్న సాధనకు రెండుసార్లు బజారు మూతపడ్డాక, వాడ పెద్దలు కూర్చుని తమకున్న తెలివంతా ఖర్చు పెట్టారు.

"నీ తమ్ముడు సైకిల్ మీద ముందుగాల పోవాలె. 'ఏం కాలే, ఏం కాలే' అని ఒర్రుకుంట పోవాలె. గప్పుడు జనం పరేషాన్ కారు," అన్నారు అన్నతో.

"ఎనక చెమటలు కక్కుకుంట ఈయన వస్తుంటే ఎవడు నమ్ముతడు?" అన్నాను.

"గిప్పుడు జెర నోరు మూస్కో," అన్నాడు అన్న. "పందెంనాడు తెరువు."

పందెంనాడు తెరిచాను. మౌలాలి అవతల పొలాల్లో మేకలు తప్ప ఎవరూ లేరు, అవి నమ్మాయి. చివరి మైలుకు రాంగోపాల్‌పేట్ బజారులోకి వచ్చి, గొంతు చిరిగేలా "ఏం కాలే!" అన్నాను. ఏమీ కాలేదని ఒకడు సైకిల్ తొక్కుతూ అరిచాడంటే ఏదో అయిందని పసిపిల్లకైనా తెలుస్తుంది. తలుపులు దబదబా పడ్డాయి. బజారంతా మాతో పరుగందుకుంది. అన్న ఎక్కడున్నాడో నాకే కనబడలేదు.

గెలుపు గీత దగ్గర కట్టిన రిబ్బన్ తెంపింది ఆ బజారులో దుకాణం ఉన్న మా వాడ దర్జీ చాచా. అరవై ఏళ్ల మనిషి, మెడలో టేపు, చంకలో సగం కుట్టిన షేర్వాణీ. ఆయన వెనక ఇంకో పదిమంది బజారువాళ్లు. ఆ తర్వాత మా చాంపియన్.

"ఫస్ట్ వచ్చింది ఈయనే. కానూన్ కానూనే," అంటూ వర్క్‌షాపు అధికారి చాచా పేరు అడిగి రాసుకున్నాడు. అన్న నేల మీద కూలబడి రొప్పుతున్నాడు. తాను చాంపియన్ననడం మరిచిపోయాడు. పుట్టిన తర్వాత అదే మొదటిసారి.

"నేను పందెంల లేను సాబ్," అన్నాడు చాచా. "భయంల ఉన్న."

"మరి ఎందుకు ఉరికినవ్?"

చాచా నన్ను చూపించాడు. "ఏం కాలే అని గీ పోరడు చెప్పిండు సాబ్. గంత గట్టిగ చెప్తే ఎట్ల నమ్మాలె?"

వెనకున్న పదిమందీ అదే చెప్పారు. అధికారి చాచా పేరు కొట్టేసి అన్న పేరు రాశాడు.

సాయంత్రం అన్న మా వాకిట్లో కూర్చుని, చివరి మైలులో ఎవరూ తన దరిదాపుల్లోకి రాలేకపోయిన కథ చెప్పాడు. చాచా కూడా వచ్చి ముందు వరసలో కూర్చుని విన్నాడు.

"శానా జోరుగ ఉరికినవ్ బేటా," అన్నాడు చివర్లో.

అన్న తలూపాడు, దారిన పోయే ఎవరికో ఊపినట్టు.