మా ల్యాబ్ సార్ చిన్న ఆసిలోస్కోప్

మా ల్యాబ్ సార్ పోయారని పోయిన బుధవారం ఫోన్ వచ్చింది. భూపాలపల్లిలో పొద్దుటి షిఫ్టు దిగి బస్టాండులో కూర్చుని ఉన్నాను. చేసింది సార్ భార్య. "సార్ ఇగ లేడు బిడ్డా" అంది, అంతే. నాకు ఏడుపు రాలేదు. రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కాను.

జనగామలో నేను చదువుకున్న కాలేజీలో ఆయన ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసేవారు. నాది గూడూరు దగ్గర తండా. ఇంట్లో మా లంబాడీ భాషే. క్లాసులో నోరు తెరవాలంటే భయం. మొదటి రోజు నా పేరడిగి, తనకు సరిగా పలకడం వచ్చేదాకా మూడుసార్లు చెప్పించుకున్నారు. "పేరు తప్పు పలికితే మనిషిని సగమే పిలిచినట్టు" అన్నారు. మేం తీగలు తప్పుగా కలిపితే తిట్టేవారు కాదు. ఆ తప్పు మేమే పట్టుకునేదాకా పక్కన కూర్చుని చూసేవారు. ఆ ఓపిక నాకు ఇప్పటికీ రాలేదు.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకు ఆయన కుడిచేతికి వణుకు మొదలైంది. ల్యాబ్‌లో అరచేతి వెడల్పు డిజిటల్ ఆసిలోస్కోప్ ఒకటుండేది. తీగలో కరెంటు ఎలా ఎగిసిపడుతోందో తెరమీద అలగా చూపే పెట్టె అది. దాని బటన్లు మరీ చిన్నవి. సార్ ఒకటి నొక్కబోతే ఇంకోటి పడేది. పిల్లలు నవ్వలేదట, తలలు దించుకున్నారట. అదే ఆయనకు ఎక్కువ బాధ. తనను స్టోరు రూము పనికి మారుస్తామని కాలేజీవాళ్లు అన్నాక సార్ నాకు ఫోన్ చేశారు.

"ఏం లేదు బిడ్డా, గీ డబ్బాను కంప్యూటర్ నుంచి నడిపియ్యొచ్చంటరు. జర చూస్తవా?"

వారమంతా షిఫ్టులు, ఆదివారం బస్సులు. మొదటి ఆదివారం కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టలేదు. రెండో ఆదివారం గుర్తుపట్టింది కానీ, ఏ ఆదేశం పంపినా ఉలుకూ పలుకూ లేదు. విసుగొచ్చి లేవబోయాను.

"పని చెప్పుడు తర్వాత. మొదలు గా డబ్బా ఎవరో అడుగు" అన్నారు సార్.

నువ్వెవరని అడిగే ఆదేశం అలాంటి పరికరాలకు ఒకటుంటుంది. పంపాను. జవాబు లేదు. దానితో వచ్చిన పుస్తకం తిరగేస్తే తెలిసింది, ప్రతి ఆదేశం చివర వాక్యం ముగిసిందని చెప్పే గుర్తు పెట్టాలట. పెట్టగానే తెరమీద దాని పేరు, నంబరు వచ్చాయి. హాజరు పిలిచినట్టు సార్ దాన్ని పైకి చదివారు.

కీబోర్డు మీద అలను పెంచడానికి ఒక కీ, తగ్గించడానికి ఒకటి, ఆపడానికి ఒకటి పెట్టాను. కానీ వణికే వేలు ఒకసారి నొక్కబోతే నాలుగుసార్లు పడేది. అల తెర దాటిపోయేది. సార్ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

"చాలు బిడ్డా. అలిసిపోయినవ్, ఇంటికి పో."

నేను కదల్లేదు. వెంటవెంటనే పడిన నొక్కులన్నిటినీ ఒక్కటిగానే తీసుకొమ్మని ప్రోగ్రాంలో నాలుగు వరుసలు రాశాను. సార్ మళ్లీ నొక్కారు. అల ఒక్క మెట్టే పెరిగింది. తగ్గించే కీ నొక్కితే ఒక్క మెట్టే దిగింది. తర్వాత, "నేను అనుకున్నదే ఇన్నది" అన్నారు మెల్లగా.

మరో రెండేళ్లు ల్యాబ్ ఆయన చేతిలోనే ఉంది.

పోయిన నెల మళ్లీ ఫోన్ చేశారు. కాలేజీకి కొత్త కంప్యూటర్ వచ్చింది, డబ్బా పలకడం లేదు. "ఆదివారం వస్త సార్" అన్నాను. వెళ్లలేదు. ఆ పై ఆదివారమూ వెళ్లలేదు, పడుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

సార్ సొంతూరు జఫర్‌గఢ్‌లో అంత్యక్రియలైన మర్నాడు నేరుగా జనగామ కాలేజీకి వెళ్లాను. డబ్బా తీగ గుచ్చే పోర్టుకు కొత్త కంప్యూటర్ వేరే నంబరు ఇచ్చింది, ప్రోగ్రాం పాత నంబరులోనే వెతుకుతోంది. ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చాను. పావుగంట పని.

పిల్లలు చుట్టూ నిలబడ్డారు. తెరమీద గీత తిన్నగా ఉంది. ఒకమ్మాయి డబ్బా తీగ చివరుండే ప్రోబ్ మొనను వేలితో ముట్టుకుంది. గోడల్లోని తీగల్లో పారే కరెంటు మన ఒంటికీ కాస్త సోకుతుంది. దానికే గీత అలగా లేచింది.

"గిది నాదేనా అక్కా?"

"నీదే."

ఆమె వేలు తీయగానే గీత మళ్లీ పడుకుంది. వెనకున్న అమ్మాయి చెయ్యి చాపింది.