చోడవరంలో పదిమంది యూదులు

మా చిన్నప్పుడు... శుక్రవారం పొద్దు వాలుతుంటే మా పక్కింటి లేయా వాళ్ళ అమ్మమ్మ గాజు గ్లాసులో కొబ్బరినూనె పోసి వత్తి వెలిగించేది. ముసుగు లాక్కుని, చీడికాడ కొండల వైపు తిరిగి మాకు తెలియని భాషలో ఏదో గొణుక్కునేది.

"ఏటే, మీ దేవుడు ఆ కొండలెనకాల ఉంటాడా?" అని అడిగాను ఒకసారి.

"దేవుడు కాదే... మా దేశం అటేపుందంట" అంది లేయా.

వాళ్ళు యూదులు. ఊరు మొత్తానికి ఆ ఒక్క ఇల్లే. లేయా నాన్న దావీదుగారు షుగర్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. మా ఇంటి గోడ అవతలే ఫ్యాక్టరీ క్వార్టర్సు. ఆయనది బొంబాయి అవతల కొంకణం, మాట్లాడేది మరాఠీ. అమ్మమ్మది కొచ్చి, ఆవిడది మలయాళం. అత్తా అల్లుళ్ళిద్దరికీ కలిసిన భాష మా తెలుగే...

లేయాను కని వాళ్ళమ్మ పోయింది. అమ్మమ్మ కొడుకులూ చుట్టాలూ ఎప్పుడో ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. ఈ పిల్ల కోసం ఆవిడ ఒక్కతే ఆగిపోయింది.

"నన్ను ఒకసారి తీసుకుని పో, దావీదూ" అనేది.

ఆయన తల అడ్డంగా ఊపేవారు. "మా తాతల సమాధులన్నీ కొంకణంలో ఉన్నాయి. నాకు ఇదే దేశం."

ఒక వేసవిలో గుంటూరు వైపు నుంచి యాకోబుగారని ఒక పెద్దాయన వాళ్ళని వెతుక్కుంటూ వచ్చారు. కూలిపని చేసుకునే మనిషి. తామూ యూదులమేనని, ఇజ్రాయెల్ వెళ్ళాలని ఏళ్ళ తరబడి చూస్తున్నామని, అక్కడివాళ్ళు ఇంకా ఒప్పుకోవడం లేదని చెప్పారు. దావీదుగారు కాఫీ ఇచ్చి, మర్యాదగానే పంపేశారు. "నిన్నమొన్న పేర్లు మార్చుకున్నవాళ్ళు... మావాళ్ళని ఎలా చెప్పను?" అని తర్వాత మా నాన్నతో అన్నారు. యాకోబుగారు మాత్రం తమ ఊరి ఎస్టీడీ బూత్ నంబరు ఇచ్చి వెళ్ళారు.

ఆ వానాకాలం జ్వరంతో అమ్మమ్మ పోయింది.

వాళ్ళలో పాతిపెడతారు. పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థనకి యూదు మగవాళ్ళు పదిమంది ఉండాలట. ఉన్నది దావీదుగారు ఒక్కరే. బొంబాయి నుంచీ కొచ్చి నుంచీ ఎవరూ సమయానికి అందుకోలేరు. ఆయన వరండా మెట్ల మీద కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చారు. పెద్దవాళ్ళు అలా ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మా నాన్న చెరుకు రైతు. పక్కన కూర్చుని మెల్లగా అన్నారు. "ఆ గుంటూరోలకి ఫోన్ సేద్దాం బాబూ. ఆలు మీవోలో కాదో తరవాత సూసుకోవచ్చు. ముందు ఆవిడ్ని సాగనంపాల కదా."

మర్నాడు మధ్యాహ్నానికి వాళ్ళు వచ్చేశారు. అనకాపల్లిలో రైలు దిగి, బస్సెక్కి, వానలో తడిసి ముద్దయి... కూలి మానుకుని వచ్చిన మనుషులు. దావీదుగారితో కలిపి పదిమందయ్యారు.

మా జీడితోటలో ఒక మూల నాన్న చోటిచ్చారు. ఇజ్రాయెల్ నుంచి కొడుకెవరో ఎప్పుడో పంపిన మట్టిని, తను పోతే తల దగ్గర వెయ్యడానికని, అమ్మమ్మ చిన్న గుడ్డలో మూటకట్టి పెట్టెలో దాచుకుంది. దావీదుగారు ఆ మూట తెచ్చి యాకోబుగారి చేతిలో పెట్టారు. "మీరు వెయ్యండి" అన్నారు.

యాకోబుగారు వెంటనే వెయ్యలేదు. అరచేతిలో పోసుకుని చూస్తూ నిలబడ్డారు. "మేం ఎన్నడూ చూడని మట్టండీ ఇది" అన్నారు. అప్పుడు వంగి, ఆవిడ తల దగ్గర చల్లారు. దావీదుగారు ఆయన్ని పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

ఏడాది తిరక్కుండా మేనమామ వచ్చి లేయాను ఇజ్రాయెల్ తీసుకెళ్ళాడు. ఆడపిల్లకి అయినవాళ్ళు కావాలని దావీదుగారే ఒప్పుకున్నారు. తను మాత్రం వెళ్ళలేదు. రిటైరయ్యేదాకా ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఒంటరిగా ఉండి, కొంకణం వెళ్ళి అక్కడే పోయారట. యాకోబుగారిని ఆ దేశం పిలవనే లేదు. ఆయన గుంటూరు నేలలోనే కలిసిపోయారు.

ఈ మధ్య లేయా ఫేస్‌బుక్‌లో దొరికింది. వీడియో కాల్‌లో మాట్లాడుతుండగానే అటు సైరన్ మోగింది. కొడుకు సైన్యంలో ఉన్నాడట... "అమ్మమ్మ సమాధి ఫొటో ఒకటి పంపవే" అంది.

వెళ్ళాను. నాన్న పోయాక పంపకాల్లో బాబాయికి వెళ్ళిన జీడితోట ఇప్పుడు లేఅవుట్. సమాధి ఉన్న మూల మీదుగా తారురోడ్డు పడింది. లేయాకి ఫోన్లో ఉన్నదున్నట్టే చెప్పాను.

"ఇక్కడ నన్ను ఇండియన్ అంటారే" అంది. "మనూర్లో మమ్మల్ని ఏటనేవోరు?"

"బొంబాయోలు" అన్నాను.

అమ్మమ్మ బొంబాయి మొహమైనా చూడలేదు...

ఆ క్వార్టర్సులో ఇప్పుడు ఎవరుంటున్నారో కూడా నాకు తెలియదు. మీ వీధిలోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉండేదా? వాళ్ళని మీరేమని పిలిచేవారు... వాళ్ళు చివరికి ఏ నేలకి చేరారు?