కుడివైపు చక్రం నీదేనన్న మాస్టారు

రత్నం మాస్టారు కన్నుమూశారన్న వార్త నాకు తిరువూరు బస్టాండు పక్కన, మందుల షాపు ముందు అందింది. ఆయన రక్తపోటు మాత్రల చీటీ నా చేతిలోనే ఉంది. ఫోనులో ఆయన భార్య సుశీలమ్మగారు, "తమ్ముడూ, ఇక మందులు తేవద్దులే" అన్నారు. ముప్పయ్యేళ్ళపాటు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి, ఆ చిన్న వాక్యం నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. షాపతను స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

ఈ నాలుగు మాటలూ ఆ వారంలోనే రాసి ఉంటే నిర్మలమైన శోకంతో రాసి ఉండేవాణ్ణి. ఆలస్యమైంది. ఈలోగా నాకు ఆయన మీద కోపం వచ్చింది. దివంగతుల మీద ఆగ్రహించడం మన సంప్రదాయం కాదని నాకూ తెలుసు. అయినా దాచను. దాచడం వల్లనే కదా ఇంత జరిగింది.

రత్నం మాస్టారు మా ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయులు. నేను తెలుగు పండితుణ్ణి, పెనుగొలను రైతుబిడ్డను. స్టాఫ్ రూములో ఇరవయ్యేళ్ళు మావి పక్కపక్క కుర్చీలు. ఆయన సత్యనిష్ఠ ఈ ఊళ్ళో సుప్రసిద్ధం. దానికి సాక్షులకంటే బాధితులే ఎక్కువ. "తప్పు చూసి నోరు మూసుకున్నవాడికి ఆ తప్పులో సగం వాటా ఉంటుందయ్యా" అన్నది ఆయన నిత్యోక్తి. ఆ మాట గుర్తుంచుకోండి.

ఒకసారి పాఠశాల తనిఖీకి అధికారి వచ్చారు. ప్రయోగశాల నిరాటంకంగా నడుస్తోందని హెడ్మాస్టరుగారు సవినయంగా విన్నవిస్తుండగా మా మాస్టారు లేచి నిలబడి, "లేదండీ. ఆర్నెల్లుగా తాళం తియ్యలేదు. తాళంచెవి నా జేబులోనే ఉంది, తప్పు నాదే" అన్నారు. హెడ్మాస్టరుగారి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మెమో మాస్టారికే వచ్చింది. దాన్ని ప్రయోగశాల తలుపుకు లోపలివైపు అంటించుకుని, మర్నాటినుంచి రోజూ తాళం తీశారు.

ఊళ్ళో రైసుమిల్లు యజమాని ఒకాయన మాస్టారికి బాల్యమిత్రుడు. కొత్త కారు కొని, ముచ్చటపడి తెచ్చి, మాస్టారిని ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. దిగగానే మాస్టారు, "బండి బాగుందిరా, నీ డ్రైవింగే బాలేదు. క్లచ్చు మీద కాలు తియ్యకుండా నడుపుతున్నావు. ఏడాదిలో కాలిపోద్ది" అన్నారు. ఏడాది తిరక్కుండానే కాలిపోయింది కూడా. ఆ పెద్దమనిషి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మాస్టారి సొంత తమ్ముడు కూడా ఇలాంటి ఒక మాట దగ్గరే రాకపోకలు మానేశాడు. "నిజం చెప్తే ఉండేవాడు ఉంటాడు, పోయేవాడు పోతాడు" అని ఆయన నవ్వేసేవారు. ఆ నవ్వును నేను నమ్మాను.

ఆ వరుసలో నా వంతూ వచ్చింది. ఆయన పదవీవిరమణ సభకు సన్మానపత్రం రాసింది నేనే. "విద్వన్మణీ, విజ్ఞానసుధాకరా, శిష్యజనహృదయారవిందభాస్కరా" అంటూ గుక్క తిప్పుకోకుండా చదివాను. చప్పట్లు మోగిపోయాయి. మాస్టారు మైకు అందుకుని, "మా కోటేశ్వర్రావు రాసిన పత్రం చాలా బాగుందండీ. అయితే ఇందులో నేనే ఎక్కడా లేను" అన్నారు. సభంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎనిమిది నెలలు ఆయన వీధి మొహం చూడలేదు.

మళ్ళీ మమ్మల్ని కలిపింది మా పాత తెల్లకారు. మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టకటకమని ఒకటే చప్పుడు. తీసుకెళ్ళి ఆయన వాకిట్లో ఆపాను. ఎనిమిది నెలల ఊసు ఆయన ఎత్తలేదు. బయటికొచ్చి, చెవి పెట్టి విని, "సీవీ జాయింట్లు పోయాయయ్యా, రెండువైపులా. మెకానిక్కు దేనికి? మనమే మార్చుకుందాం, లోపలికి పెట్టు" అన్నారు. ఇంజను బలాన్ని చక్రానికి అందిస్తూ, చక్రం ఎటు తిరిగితే అటు వంగే కీలు అది. "మన భుజం కీలు ఉందే, అలాంటిదే. లోపల ఇనప గోళీలు, చుట్టూ గ్రీజు, పైన రబ్బరు తొడుగు. తొడుగు చిరిగిందా, గ్రీజు పోద్ది, దుమ్ము చేరుద్ది, కీలు అరిగిపోద్ది" అని తొమ్మిదో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

ఎడమవైపు ఆయన చేశారు, నేను చూశాను. జాకీ ఎత్తాక దాని పక్కనే వేప మొద్దు పెట్టించారు. "జాకీ మాటిస్తుంది, మొద్దు నిలబెట్టుకుంటుంది" అన్నారు. చక్రం విప్పి, యాక్సిలు బయటికి లాగి, పాత జాయింటును సుత్తితో కొట్టి ఊడదీసి, కొత్తది ఎక్కించి బిగించేసరికి భోజనాల వేళ దాటింది. మర్నాడు ఆయనకు పెన్షను పనిమీద విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది. "కుడివైపు నువ్వే చెయ్యి. ఏం పర్లేదు, వస్తుంది" అని చెప్పి బస్సెక్కారు.

చేశాను! నా జన్మలో అంత గర్వపడ్డ రోజు లేదు. ఒక్కచోట మాత్రం సొంత తెలివి వాడాను. కొత్త జాయింటుతోపాటు నల్లటి గ్రీజు ప్యాకెట్టు ఒకటి వచ్చింది. తారులాంటి గ్రీజు, పిసినారి ప్యాకెట్టు. మా ఇంట్లో ట్రాక్టరు గ్రీజు డబ్బా నిండుగా ఉంది, చక్కటి పసుపుపచ్చది. రైతుబిడ్డకు గ్రీజు దగ్గర లోభమేమిటి? గుప్పిళ్ళతో దట్టించాను. నల్ల ప్యాకెట్టు మాస్టారి పిట్టగోడ మీద పెట్టి మరిచిపోయాను. సాయంత్రం మాస్టారు బస్సు దిగి వచ్చి, బండి ఉంచి రేపు తీసుకెళ్ళమన్నారు.

మర్నాడు పదింటికి వెళితే కారును అటూ ఇటూ తిప్పి చూపించారు. చప్పుడు లేదు. "కుడివైపు చక్రం నీదేనయ్యా. నేను చెయ్యి కూడా పెట్టలేదు" అన్నారు. ఆ తర్వాత ఎవరొచ్చినా వాళ్ళ ముందు అదే మాట. ఎవర్నీ పొగడని నోరు నన్ను పొగిడితే నేను పొంగిపోనా?

నాలుగేళ్ళు పొంగాను. కనబడ్డవాడికల్లా ట్రాక్టరు గ్రీజు మహిమ చెప్పాను. మొన్న వేసవిలో వినగడపలో ఉండే మా బావమరిది శ్రీనివాసు కారుకు నేనే పట్టుబట్టి జాయింటు మార్చాను, నా గ్రీజుతోనే. అప్పటికి మాస్టారు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నారు. ఆ కబురు ఆయనకు చెప్పే సందర్భం రాలేదు.

మాస్టారి పెద్దకర్మ రోజున శ్రీనివాసు పెళ్ళాంపిల్లలతో బయల్దేరాడు. గంపలగూడెం రోడ్డు మలుపులో ఆ జాయింటు ఫట్‌మని విరిగింది. కారు నడిరోడ్డు మీద నిలిచిపోయింది. వెనక వస్తున్న పత్తి లారీ జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వాళ్ళ చిన్నపిల్ల ఇప్పటికీ కారెక్కమంటే ఏడుస్తోంది.

బండిని లాక్కొచ్చి తిరువూరులో ఒక మెకానిక్కు చేత విప్పించాం. కరిగి, మాడి, చారులా అయిన గ్రీజును వేలితో తీసి, "ఎవరండీ బాబూ ఇందులో ట్రాక్టరు గ్రీజు కొట్టింది? ఈ వేడికి ఇది ఆగుద్దా?" అన్నాడు. నేను ఊరుకుంటానా? "బయటున్న నా బండిలో నాలుగేళ్ళుగా అదే ఉందయ్యా, మాకు చెప్పకు" అన్నాను.

"అయితే విప్పి చూద్దాం సార్" అన్నాడు. విప్పాడు. కుడివైపు తొడుగు లోపల తారులాంటి నల్ల గ్రీజు. పసుపుపచ్చది చుక్క లేదు. "ఇదీ సరైన గ్రీజు. ఎవరో పని తెలిసినోళ్ళే చేశారు" అన్నాడు. శ్రీనివాసు నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

తిన్నగా సుశీలమ్మగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆవిడ, "ఆ సాయంత్రం గోడమీద ప్యాకెట్టు చూశారు తమ్ముడూ. పొద్దున్నే కాఫీ కూడా తాక్కుండా మొత్తం విప్పేశారు. నా చేత టార్చిలైటు పట్టించారు. నీ గ్రీజంతా కడిగేసి, నల్లది పెట్టి బిగించారు. నువ్వొచ్చేసరికి స్నానం చేసి కూర్చున్నారు" అన్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదక్కయ్యగారూ?"

"నేనూ అదే అడిగా. 'పోయినసారి నిజం చెప్తే ఎనిమిది నెలలు రాలేదే. ఈసారి చెప్తే అసలే రాడు. ఇప్పుడు మనింటికి వచ్చేవాడు వాడొక్కడే కదా' అన్నారు."

ఊరందరికీ నిజం, నాకొక్కడికీ అబద్ధమా మాస్టారూ? అధికారి మొహం మీద చెప్పారు, ప్రాణస్నేహితుడికి చెప్పారు, తోడబుట్టినవాడికి చెప్పారు. నా దగ్గరికొచ్చేసరికి ఆ నోరు ఏమైంది? నేను గ్రీజు పురాణం చెబుతుంటే నాలుగేళ్ళు పక్కన కూర్చుని టీ తాగారు. మీ సూక్తి ప్రకారమే ఆ లారీ ముందు నిలిచిన కారులో మీకు సగం వాటా ఉంది. నమ్మించి మోసం చేశారు. ఈ మాట రాశాను, కొట్టెయ్యను.

శ్రీనివాసుకు జరిగింది జరిగినట్టు చెప్పి క్షమించమన్నాను. "నువ్వే మార్చు బావా, ఈసారి ప్యాకెట్టు నేను పట్టుకుంటా" అన్నాడు మహానుభావుడు. మాస్టారి వాకిట్లోనే, ఆ వేప మొద్దు పెట్టి మార్చాను. సుశీలమ్మగారు టార్చిలైటు పట్టారు. బిగించాక అలవాటుగా మాస్టారు కూర్చునే అరుగు వైపు చూశాను. తప్పుందో లేదో చెప్పే మనిషి ఈ ఊళ్ళో ఇక ఎవరున్నారు? ఆ లోటు ఎవరూ తీర్చేది కాదు.

మాస్టారూ, ఇది మీకు నేను రాస్తున్న రెండో పత్రం. ఇందులో మీరున్నారు. నమస్కరించి ముగించాలి, కానీ ఒక సంగతి మిగిలింది. ఎనిమిది నెలల తర్వాత నన్ను మీ వాకిట్లోకి తెచ్చింది కారు చప్పుడేనని మీరు అనుకున్నారు. ఆ చప్పుడు అప్పటికే ఆర్నెల్లుగా ఉంది. ఊళ్ళో మెకానిక్కులు కావలసినంతమంది ఉన్నారు. మిమ్మల్ని చూడకుండా ఉండలేక వచ్చాను. మీరు గ్రీజు చూసి తిట్టి ఉంటే మళ్ళీ అలిగేవాణ్ణి, మళ్ళీ వచ్చేవాణ్ణి.

ఆ మాట నేనూ మీకు చెప్పలేదు.