గోరు మందం తక్కువ

బైండింగ్ షాపులో ఆమెను అందరూ మూలమట్టం అంటారు. చెక్క మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి వడ్రంగులు వాడే సాధనం పేరది. పెట్టింది ఓనరు. పెట్టినందుకు అనుభవిస్తున్నదీ ఆయనే, ఎందుకంటే ఆయన బల్ల మీద వంకరగా పడేసిన పెన్ను ఆమె అటు ఓసారి వెళ్ళి వచ్చేసరికి తిన్నగా అయి ఉంటుంది. గోడ మీద క్యాలెండరు ఒక పక్కకి వాలితే ఆమెకు అన్నం సయించదు. ఇలాంటి మనిషితో కాపురం కష్టమని షాపులో ఒకరిద్దరు నవ్వుకునేవాళ్ళు. నలభై దాటేదాకా ఆ కష్టాన్ని ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు కూడా.

పందొమ్మిదేళ్ళుగా ఆమె పని ఒకటే. అచ్చయి వచ్చిన కాగితాలు మడవడం, కుట్టడం, జిగురు పూసి అట్ట వేయడం, చివరికి కటింగ్ మిషన్ కింద పెట్టి అంచులు కొట్టడం. మిగతావి ఇంకెవరైనా చేస్తారు. కత్తి దగ్గర మాత్రం ఓనరు ఆమెను తప్ప ఎవరినీ నమ్మడు. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు, కోత తప్పితే ఆ పుస్తకాన్ని ఎవరూ బాగుచేయలేరు.

ఒకరోజు ఒక లిఫ్టు మెకానిక్ పేజీలు ఊడిపోయిన రిపేరు పుస్తకం ఒకటి తెచ్చాడు. నెల తిరక్కుండా ఇంకోటి తెచ్చాడు. మూడోసారి తెచ్చిన పుస్తకం శుభ్రంగా ఉంది.

"దీనికి బైండింగ్ అక్కర్లేదండీ," అందామె.

"తెలుసండీ," అన్నాడాయన.

అలా జరిగింది పెళ్ళి. ఆయన మొదటి భార్య పోయి నాలుగేళ్ళు. పదిహేనేళ్ళ కూతురు ఉంది.

పిల్ల చెడ్డది కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎదురు తిరిగే పిల్లయితే పోట్లాడొచ్చు, పోట్లాటలో ఎప్పుడో ఒకప్పుడు దగ్గరవ్వొచ్చు. ఈ పిల్ల బ్యాంకు మేనేజరుతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. పాలు కావాలా అంటే వద్దండి. గొడుగు తీసుకెళ్ళు అంటే సరేనండి. పది నెలలు ఈ రెండు మాటలతోనే గడిచిపోయాయి.

"దానికి కాస్త టైమివ్వు," అన్నాడు మెకానిక్.

"ఎంత?"

"లిఫ్టయితే చెప్పగలను గానీ, ఇదెలా చెప్పను?"

ఆమెకు అమ్మ అనిపించుకోవాలని ఆశ లేదు. వాళ్ళమ్మ ఫొటో హాల్లో ఉంది, ఉండాల్సిందే. ఆ ఇంట్లో ఆ పిల్ల తనంతట తాను వచ్చి తన ఎదురుగా కూర్చునే రోజు ఒక్కటి కావాలి. అంతకు మించి ఏమీ కోరుకోలేదు, కానీ అది మాత్రం గట్టిగా కోరుకుంది.

పిల్లకు ఒక కార్డుల ఆట పిచ్చి ఉంది. మామూలు పేక కాదు. కార్డు కార్డుకీ ఒక బొమ్మ, ఒక బలం, కింద నాలుగు లైన్ల షరతులు. ఎవరి కార్డులు వాళ్ళే పోగుచేసుకుని, వాటిలోంచి అరవై ఏరి డెక్కు కట్టుకుని యుద్ధానికి దిగుతారు. పై అంతస్తులో ఉండే స్నేహితురాలు ప్రతి ఆదివారం ఆడడానికి వచ్చేది. వాళ్ళు ఇల్లు మారి వేరే ఊరు వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారం వంటింట్లోంచి చూస్తే, పిల్ల ఒక్కతే భోజనాల బల్ల దగ్గర ఉంది. ఈ కుర్చీలో కూర్చుని ఒక కార్డు వేసింది. లేచింది. బల్ల చుట్టూ తిరిగి అవతలి కుర్చీలో కూర్చుని తనకు తానే జవాబు వేసుకుంది. మళ్ళీ లేచింది. అలా గంటసేపు.

మర్నాడు మూలమట్టం షాపు నుంచి తిన్నగా బొమ్మల కొట్టుకు వెళ్ళింది.

"కొత్తగా నేర్చుకునేవాళ్ళకి రెడీమేడ్ డెక్కు ఉందమ్మా," అన్నాడు కొట్టతను. "వాళ్ళే పేర్చి ఇస్తారు. పెట్టె విప్పడం, ఆడుకోవడం. ఎన్నేళ్ళ బాబుకి?"

"నలభై రెండేళ్ళు," అందామె.

పెట్టెలో అరవై కార్డులు, ఎనిమిది మడతల రూల్సు కాగితం ఉన్నాయి. మడత సరిగ్గా లేదు. ముందు దాన్ని సరిగ్గా మడిచి, ఆ తర్వాతే చదివింది. చిత్తడినేల సైన్యమట తనది. తాబేళ్ళు, కొంగలు, ఒక ముసలి మొసలి. ఆడేవాళ్ళిద్దరికీ చెరో ఇరవై ప్రాణాలు. వంతుకొక నేల కార్డు వేసుకుంటూ పోవాలి, ఆ నేలల బలంతో ప్రాణుల్ని దింపాలి, వాటితో ఎదుటివాళ్ళ ప్రాణాలు తగ్గించాలి. వాడేసిన కార్డును అడ్డంగా తిప్పి పెట్టాలి, తన వంతు మళ్ళీ వచ్చినప్పుడు నిలువుగా చేసుకోవాలి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వారం రోజులు భోజనం వేళ కూడా డబ్బా మూత తీయకుండా అట్టల బల్ల మీద తాబేళ్ళను పరుచుకుని కూర్చుంది. ఓనరు చూసి, ఈవిడకేదో అయిందనుకుని పక్కకు తప్పుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. శనివారం డెక్కును బల్ల మీద తట్టి సర్దుతుంటే నాలుగు కార్డులు మిగతావాటికన్నా వెంట్రుకవాసి బయటికి కనిపించాయి. ఇంకొకరికైతే కనిపించవు. కనిపించినా వదిలేస్తారు. ఈవిడ వదలగలిగితే ఆ పేరెందుకొస్తుంది? అరవై కార్డుల్నీ కటింగ్ మిషన్ కింద పెట్టి నాలుగు వైపులా గోరు మందం కొట్టేసింది. మూలలు పోయాయని చిన్న ఉలితో మళ్ళీ గుండ్రంగా తీసింది. డెక్కు ఒక్క దిమ్మెలా కూర్చుంది. ముచ్చటపడి ఇంటికి తీసుకెళ్ళింది.

ఆదివారం పొద్దున పిల్ల కార్డులు పరుస్తుంటే వెళ్ళి అవతలి కుర్చీలో కూర్చుంది.

"నేనూ ఒక డెక్కు కొన్నాను. ఆడదామా?"

పిల్ల తల ఎత్తి చూసింది. తర్వాత చెయ్యి చాపి డెక్కు అందుకుంది. పైకార్డు తీసి తనదాని పక్కన పెట్టి చూసింది. ముఖం మారింది.

"వీటిని కోశారా?"

"అంచులు సమంగా లేవు."

"కార్డులు ఎవరూ కొయ్యరండి. కోస్తే ఇంక ఎవరూ మార్పిడికి తీసుకోరు. వేరే కార్డులతో కలపడం కూడా కుదరదు."

మూలమట్టం ముఖం చిన్నబోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. పది నెలలకు దొరికిన ఒక్క దారినీ తన చేత్తోనే కోసుకున్నానని నిజంగానే బాధపడింది. పిల్ల మాత్రం కార్డుల్ని బోర్లా పెట్టి కలిపింది, అంచులు తడిమింది, కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది.

"అన్నీ ఒకేలా కోశారు. ఏది ఏదో తెలియట్లేదు," అంది. "అయితే ఆడొచ్చు."

ఆ రోజు మూడాటలు ఆడితే మూడూ పిల్లే గెలిచింది. ఓటమి కన్నా ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అడ్డంగా తిప్పిన కార్డులు. అలా వంకరగా పడి ఉన్న తాబేలును చూస్తే చెయ్యి ఊరుకోదు, మాటల్లో పడి తిన్నగా పెట్టేసేది.

"అది వాడేశారండి. నిలువుగా పెట్టకూడదు."

"అయ్యో, అలవాటు."

"ఇందాక అలాగే చేసి రెండుసార్లు కొట్టారు నన్ను," అని పిల్ల మొదటిసారి నవ్వింది. దొంగాట అనలేదు, చేతి అలవాటు అంది.

అలా అయిదు ఆదివారాలు. ప్రతిసారీ ఆమే వెళ్ళి కూర్చునేది, ఆమే ఆడదామా అని అడిగేది. ప్రతిసారీ ఓడిపోయేది. ఓడిపోయినా తాబేళ్ళంటే ఆమెకు ఇష్టం ఏర్పడింది. నెమ్మదిగా వస్తాయి, గోడకట్టినట్టు నిలబడతాయి. పిల్ల దింపే నిప్పు గద్దలు వచ్చి నెత్తి మీద పడేదాకా ఫరవాలేదు.

ఆరో ఆదివారం పిల్ల హోంవర్కు ఉందంది. ఏడో ఆదివారం మూలమట్టం సరుకులు తెచ్చి తలుపు తీసేసరికి పిల్ల బల్ల చుట్టూ తిరుగుతోంది. రెండు వైపులా తనే.

ఆమె సంచి కింద పెట్టి సూటిగానే అడిగింది.

"నాతో ఆడితే విసుగ్గా ఉందా?"

పిల్ల అబద్ధం చెప్పే రకం కాదు.

"గెలుస్తానని ముందే తెలిసిపోతోందండి. మీ తప్పు కాదు. అది నేర్చుకోవడానికి ఇచ్చే డెక్కు. అందరూ రెండు మూడు వారాలయ్యాక బలమైన కార్డులు నాలుగు కలుపుకుంటారు. మీదాంట్లో కలపలేం కదా. కొత్తవి పొడుగ్గా పైకి కనిపిస్తాయి. ఏ కార్డు ఎక్కడుందో చూడగానే తెలిసిపోతుంది. అది మోసం కిందికి వస్తుంది."

"సరే. శనివారం ఇంకో డెక్కు కొంటాను. కొయ్యను."

పిల్ల తలూపింది. మూలమట్టం వంటింట్లోకి వెళ్ళి సరుకులు సర్దుతూ ఉండిపోయింది. ఇంకో డెక్కంటే మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. నేర్చుకునేసరికి పిల్ల ఓపిక అయిపోతుందేమోనని భయం వేసింది. ఆ భయం మెకానిక్‌కు చెప్పలేదు. చెబితే టైమివ్వమంటాడు.

బుధవారం సాయంత్రం బడి వదిలాక, యూనిఫాం మీద, పుస్తకాల సంచితో పిల్ల బైండింగ్ షాపు గుమ్మంలో నిలబడింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు ఓనరు.

పిల్ల ఆలోచించింది. ఏమని అడగాలో తెలియలేదు పాపం. ఇంట్లో నాన్న చెప్పగా విన్న పేరొకటి గుర్తొచ్చింది.

"మూలమట్టం గారు," అంది చివరికి.

ఆ పేరుకు 'గారు' తగిలించిన మొదటి మనిషి ఆ పిల్లే. ఓనరు నవ్వాపుకుంటూ లోపలికి చెయ్యి చూపించాడు.

మూలమట్టం చేతుల నిండా జిగురు. ఏమయింది, నాన్నకేమైనా అయిందా అని కంగారుగా అడిగింది. ఏం కాలేదండి అంటూ పిల్ల సంచిలోంచి చిన్న కవరు తీసి, అందులోంచి నాలుగు కార్డులు అట్టల బల్ల మీద పెట్టింది. నీటికుక్కలు. మూలమట్టం వాటిని ఎరుగును. పిల్ల ఆల్బమ్‌లో మొదటి పేజీలో ఉండేవి. నాలుగూ కుదరడానికి రెండేళ్ళు పట్టింది. వాటి కోసం దగ్గరున్న మంచి కార్డులన్నీ ఒక్కొక్కటే మార్పిడి ఇచ్చేసిందని వాళ్ళ నాన్నే చెప్పాడు.

"ఇవీ అంతే కొయ్యండి," అంది పిల్ల. "చిత్తడినేలలో బాగా పనిచేస్తాయి. మీ తాబేళ్ళ వెనకాల ఉంటాయి."

"వద్దమ్మా. ఇవెందుకు? ఏవైనా మామూలువి తెచ్చుకో."

"మామూలువి పెడితే మీరు మామూలుగానే ఓడిపోతారు."

"కొత్త డెక్కు కొంటానన్నానుగా."

"మీకు ఆ తాబేళ్ళంటే ఇష్టం కదండి."

తాను ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. ఈ పిల్ల చూస్తూనే ఉందన్నమాట.

"కోస్తే మళ్ళీ అతకవు," అంది మూలమట్టం. "ఎవరూ తీసుకోరని నువ్వే చెప్పావు."

"తెలుసండి. మీవి పెంచలేం కదా. నావే తగ్గాలి."

ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కత్తి దగ్గర కన్ను మసకబారితే పని చెడుతుంది. మోచేత్తో గట్టిగా తుడుచుకుని, చేతులు కడుక్కుని వచ్చింది. సోమవారం షాపుకు తెచ్చుకున్న తన డెక్కు సొరుగులోనే ఉంది. అందులోంచి ఒక కొంగను తీసి కొలతగా పెట్టుకుంది. నీటికుక్కల్ని రెండు అట్టముక్కల మధ్య పేర్చి కత్తి కిందికి జరిపింది. లాగి, మళ్ళీ చూసి, మళ్ళీ జరిపింది. పిల్ల పక్కనే నిలబడి చూస్తోంది, తల తిప్పుకోలేదు.

నాలుగు కోతలు పడ్డాయి. ఉలితో మూలలు తీసింది. కొంగను పైన పెట్టి చూస్తే సరిపోయాయి.

పిల్ల డెక్కులోంచి బలం లేని నాలుగు కార్డులు ఏరి పక్కన పెట్టింది, నీటికుక్కల్ని లోపల పెట్టి, చాలాసేపు కలిపి, తట్టి సర్ది బల్ల మీద ఉంచింది.

"నావేవో కనిపెట్టండి చూద్దాం."

మూలమట్టం వంగి, కన్ను అంచుకు ఆనించి చూసింది. వెలుగు వైపు తిప్పి చూసింది. గోరు పెట్టి పైనుంచి కిందిదాకా మెల్లగా గీసింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు.

"తెలియట్లేదు," అంది.

"నాకూ తెలియట్లేదు," అంది పిల్ల. సంచిలోంచి తన డెక్కు తీసింది. చుట్టూ చూసి, గోడ దగ్గరున్న ఓనరు స్టూలును బరబరా లాక్కొచ్చి ఆమెకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.